మంచు సూది, పసుపు వెలుగు

యానాం చేపల బజారులో మండపీతను కట్టే తీరు ఒకసారి నిలబడి చూడాలి. కోరంగి మడ అడవుల బురదలోంచి వచ్చిన సరుకు అది. పెద్ద డెక్క వేలికి పట్టిందంటే ఎముక దాకా దిగుతుంది. అమ్మే ఆవిడ పీత వీపును కాలితో నొక్కిపెట్టి, డెక్కలు రెండూ ముఖానికి ఆనేలా మడిచి, తాడును ఒకదాని మీదుగా తెచ్చి రెండోదాని కిందుగా లాగి వెనక ముడి వేస్తుంది. బిగువు ఎక్కువైతే డెక్క విరిగి పీత ధర పడిపోతుంది. తక్కువైతే బుట్టలోనే విప్పుకుని పక్క పీతల్ని నలిపేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో సరైన బిగువు ఉంది. అది ఆవిడ చేతికి తెలుసు.

ఆ డెక్క పేరే ఒక చర్మవ్యాధికి ఉంది. పారిస్‌లోని సాన్ లూయీ ఆసుపత్రి వైద్యుడు జాఁ లూయీ అలిబేర్ 1806లో, మానిన గాయం మీద మొలిచి చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి కాళ్ళు చాపే గట్టి మచ్చను వర్ణించాడు. మొదట దానికి క్యాన్సర్‌ను తలపించే పేరు పెట్టాడు. రెండింటినీ కలిపి చూస్తారన్న జంకుతో తర్వాత ఆ పేరు మార్చి, గ్రీకులో పీత డెక్కకున్న మాట తీసుకుని ‘కెలోయిడ్’ అన్నాడు. మన డాక్టర్ల నోట అది కీలాయిడ్ అయింది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊళ్ళో, పీతల మధ్య పెరిగిన జనానికి ఆ ఫ్రెంచి డాక్టరు పోలిక విప్పి చెప్పనక్కర్లేదు. కమ్మలు కుట్టించిన చెవి తమ్మె వెనక ఉసిరికాయంత ముద్ద, భుజం మీద బీసీజీ టీకా చోట లేచిన నున్నటి కండ, రొమ్ము మధ్య మొటిమ మానిన చోటు నుంచి అటూ ఇటూ పాకిన ఎర్రటి పాయలు, అన్నీ ఆ పీతవే.

ఈ మచ్చకు చేసే వైద్యాల్లో రెండు ఇక్కడ నా విషయం. ఒకటి గడ్డకట్టించడం, రెండోది లేజర్. ఏది మేలు అని అందరూ అడిగే ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఆ రెండు పనిముట్లనూ విప్పి చూడాలి. వాటికంటే ముందు, అవి పనిచేయాల్సిన సరుకును చూడాలి.

చర్మం తెగినప్పుడు మొదట రక్తం గడ్డకడుతుంది. తర్వాత ఫైబ్రోబ్లాస్టులనే కణాలు ఆ చోటికి చేరి కొల్లాజెన్ అనే పీచును నేయడం మొదలుపెడతాయి. ఆ నేతగాళ్ళకు తిండీ గాలీ అందించడానికి సన్నటి రక్తనాళాలు పుట్టుకొస్తాయి. మామూలుగా కొన్ని వారాలకు నేత ముగుస్తుంది. నాళాలు మూసుకుపోతాయి, నేతగాళ్ళు తగ్గిపోతారు, ఎక్కువైన పీచును శరీరమే విప్పేసుకుంటుంది. నెలలు గడిచేసరికి ఎర్రటి మచ్చ పాలిపోయి చదునవుతుంది. కీలాయిడ్‌లో ఈ చివరి అంకం రాదు. గాయం పూడిపోయినా నేత ఆగదు. పీచు లావాటి మోకుల్లా అల్లుకుంటూ పోతుంది.

గాయం మీద ఉబ్బిన ప్రతి మచ్చా కీలాయిడ్ కాదు. మామూలు ఉబ్బు మచ్చ గాయం గీసిన హద్దులోనే లేస్తుంది, కాలం గడిస్తే కొంత అణుగుతుంది. కీలాయిడ్ హద్దు దాటుతుంది. నడుమ భాగం పాతబడి పాలిపోయినా, అంచు ఎర్రగా, దురదగా, ఒక్కోసారి సూదులు గుచ్చినట్టుగా ముందుకు పోతూనే ఉంటుంది. అలిబేర్‌కు డెక్కల్లా కనిపించింది ఆ అంచే. రొమ్ము, భుజం, వీపు పైభాగం, దవడ వార, చెవి తమ్మె దానికి ఇష్టమైన చోట్లు. అరచేతిలో, కనురెప్ప మీద దాదాపు కనిపించదు. వల తాడు అరచేతుల్ని ఏళ్ళ తరబడి కోసినా అక్కడ రాని కీలాయిడ్, అదే మనిషికి రొమ్ము మీద ఒక్క మొటిమతో మొదలవుతుంది. తెల్లవాళ్ళకంటే మనలాంటి చామనఛాయ, నల్లటి ఒళ్ళకు ఎక్కువగా వస్తుంది. కొన్ని కుటుంబాల్లో తల్లికీ బిడ్డకీ కూడా కనిపిస్తుంది.

కోసి తీసేస్తే పోదా అని ఎవరికైనా తోస్తుంది. కోసి ఊరుకుంటే నూటికి 45 నుంచి 100 దాకా తిరిగి వస్తాయని వైద్య గ్రంథాల లెక్క. కారణం సులువుగానే తెలుస్తుంది. కోత కూడా గాయమే, గాయాన్ని మాన్పడానికి వచ్చేది ఆ నేతగాళ్ళే. అందుకే డాక్టర్లు మామూలుగా ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ సూదిమందుతో మొదలుపెడతారు. మూడు నాలుగు వారాలకోసారి మచ్చలోకే ఎక్కిస్తే అది నేతను మందగిస్తుంది. మచ్చ మీద అంటించే సిలికాన్ పలకలు, చెవికి పెట్టే బిగుతు క్లిప్పులు దానికి తోడు. వీటికి లొంగనప్పుడు, లేదా వీటి బలం పెంచాలన్నప్పుడు, చలీ వెలుగూ రంగంలోకి వస్తాయి. రెండూ ఒక చిక్కుముడిని విప్పాలి. మచ్చను దెబ్బతీయాలి, కానీ కొత్త గాయమైందని ఒంటికి అనిపించేంతగా తీయకూడదు.

ముందు చలి. వైద్యానికి వాడే చలి ద్రవరూపంలోని నైట్రోజన్. మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు అదే. గాలిని చల్లబరుస్తూ పోతే ద్రవమవుతుంది. ఆ ద్రవం నుంచి, ఆక్సిజన్ కంటే ముందే మరిగే గుణాన్ని ఆసరా చేసుకుని నైట్రోజన్‌ను విడదీస్తారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర అది మరుగుతుంది. అంటే మన గది వేడి దానికి నిప్పుల కొలిమి. పల్లెల్లో పాడి ఉన్నవాళ్ళకు ఈ ద్రవం కొత్త కాదు. ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయడానికి గోపాలమిత్ర తెచ్చే క్యాను మూత తీయగానే తెల్లటి పొగ కిందికి జారుతుంది చూడండి, అదే ఇది. ఎద్దు వీర్యాన్ని ఏళ్ళ తరబడి బతికించి ఉంచే చలే ఇక్కడ కణాల్ని చంపడానికి పనికొస్తోంది. తేడా అంతా గడ్డకట్టించే తీరులో, మళ్ళీ కరిగించే తీరులో ఉంది.

దాన్ని నిలవ ఉంచే పాత్ర 1892లో స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ డ్యూవర్ ఆలోచన. పాత్రలో పాత్ర, రెంటి మధ్య గాలి తీసేసిన ఖాళీ. గాలే లేకపోతే వేడిని లోపలికి మోసేదెవరు? ఇంట్లో కాఫీ ఫ్లాస్కు కూడా ఆ కుటుంబానిదే. కానీ కాఫీ ఫ్లాస్కుకు వేసినట్టు దీనికి బిరడా బిగించకూడదు. లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. మూత బిగిస్తే పాత్ర పేలుతుంది. అందుకే పెద్ద క్యానుకు మూత వదులుగా కూర్చుంటుంది, సరుకు రోజూ కొంత గాలిలో కలిసిపోతూనే ఉంటుంది. అమ్ముకోని చేపలాగే దీన్నీ దాచుకుంటూ కూర్చోలేరు.

చర్మం మీద చలి వైద్యం 1899లో న్యూయార్క్ డాక్టరు క్యాంప్‌బెల్ వైట్ ద్రవరూపపు గాలితో మొదలుపెట్టాడు. 1950లో అలింగ్టన్ అనే డాక్టరు పుల్లకు చుట్టిన దూదిని ద్రవ నైట్రోజన్‌లో ముంచి అద్దాడు. దూది పట్టే చలి తక్కువ, లోతు దిగదు. 1960ల చివర్లో అమెరికాలో సెట్రాగ్ జకారియన్ అనే చర్మవైద్యుడి కృషితో చేతిలో ఇమిడే పిచికారీ వచ్చింది. ఇప్పుడు చర్మ వైద్యుల బల్ల మీద కనిపించే క్రయో గన్ దాని వారసుడే. అరలీటరు పట్టే స్టీలు ఫ్లాస్కు, దాని మీద మరలు తిరిగే మూత, మూత నుంచి అడుగు దాకా దిగిన సన్నటి గొట్టం, పైన ఒక మీట, ఒత్తిడి మితిమీరితే వదిలేసే చిన్న కవాటం, ముందు ముక్కు. ఇందులో పంపు లేదు, బ్యాటరీ లేదు. మూత బిగించగానే, బయటి నుంచి ఎంతో కొంత చొరబడే వేడికి లోపల ద్రవం మరుగుతుంది. ఆవిరి పైన చేరి ద్రవాన్ని కిందికి నొక్కుతుంది, ద్రవం గొట్టం గుండా పైకి ఎగదన్నుతుంది. మీట నొక్కితే ముక్కులోంచి చిమ్ముతుంది. ఫ్లాస్కు ఎంత గట్టిగా అడ్డుకున్నా దూరే ఆ కాస్త వేడినే పంపుగా వాడుకోవడం ఈ పనిముట్టులోని చమత్కారం. ముక్కులు మార్చుకోవచ్చు. పెద్దదాని రంధ్రం సుమారు 1 మిల్లీమీటరు, చిన్నదానిది 0.4 మిల్లీమీటర్లు.

పని ఇలా సాగుతుంది. మచ్చ చుట్టూ ముందు పెన్నుతో హద్దు గీస్తారు. ముక్కును చర్మానికి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టి మీట నొక్కుతారు. నడుమ ఒక తెల్లటి చుక్క పుట్టి పళ్ళెంలా విస్తరిస్తుంది. తెలుపు గీత దాకా చేరాక గాని గడియారం లెక్క మొదలవదు. అక్కడి నుంచి మచ్చ మందాన్ని బట్టి 10 నుంచి 30 సెకన్లు, తెలుపు గీత దాటకుండా, చిన్న చిన్న చిమ్ములతో ఆ మంచును నిలబెడతారు. మధ్యలో రెండు వేళ్ళతో మంచు పలకను పట్టి కదిపి చూసే డాక్టర్లున్నారు. పలక కింది కండ మీద జారితే చలి చర్మంలోనే ఉన్నట్టు, కదలకపోతే లోతు దిగిందని. తర్వాత వదిలేస్తారు. మంచు అంచుల నుంచి లోపలికి తనంతట తాను కరగాలి. పూర్తిగా కరిగాక రెండోసారి, అవసరమైతే మూడోసారి. తొందరపడి వెచ్చబెట్టరు, ఎందుకంటే సగం పని కరగడంలోనే జరుగుతుంది.

ఆ పని కణం లోపల జరిగేది. నెమ్మదిగా చల్లబడితే మంచు ముందు కణాల బయట పుడుతుంది. బయటి నీరు గట్టిపడేకొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు సాంద్రమై, కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. ఉప్పు పట్టించిన చేప వాడినట్టు కణం వాడిపోతుంది. వేగంగా చల్లబడితే నీరు బయటికి పోయే వ్యవధి ఉండదు, కణం లోపలే మంచు పలుకులు పుట్టి పొరలు చీలుస్తాయి. నెమ్మదిగా కరిగేటప్పుడు చిన్న పలుకులు కలిసి పెద్దవవుతాయి, చీలని పొరలు అప్పుడు చీలుతాయి. అందుకే చర్మ వైద్యుడి సూత్రం వేగంగా గడ్డకట్టించు, నెమ్మదిగా కరగనివ్వు అని. దీని వెనక మరో దెబ్బ ఉంది. సన్న రక్తనాళాల లోపలి గోడలు పాడై రక్తం నిలిచిపోతుంది, నేతగాళ్ళకు తిండి ఆగిపోతుంది. ఇంత జరిగినా కొల్లాజెన్ చట్రం చాలావరకు చెక్కుచెదరదు. పుండు మానేటప్పుడు కణాలకు పాత చట్రమే ఆసరా అవుతుంది. చలి గాయం కత్తి గాయంలా నేతగాళ్ళను పోటెత్తించకపోవడానికి ఇదొక కారణం.

1993లో బెర్లిన్ నుంచి జుబూలిస్ బృందం 93 మంది ఫలితాలు ప్రకటించింది. పదిమందిలో ఆరుగురికి మచ్చ బాగానో చాలా బాగానో అణిగింది. కానీ వాళ్ళంతా తెల్లవాళ్ళు. మనకు అసలు చిక్కు అక్కడే ఉంది. చలిని అన్ని కణాలూ ఒకేలా తట్టుకోవు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కణాలు మైనస్ 4 నుంచి 7 డిగ్రీలకే చచ్చిపోతాయి. పైపొర కణాలకు మైనస్ 20, 30 కావాలి. మన గురి అయిన ఫైబ్రోబ్లాస్టు మైనస్ 30, 40 దాకా మొండికేస్తుంది. పైనుంచి చిమ్మిన చలి ముందుగా తగిలేది రంగు కణాలకు, అవే అందరికంటే నాజూకు. లోపలి నేతగాడిని చేరేలోగా పైన రంగు పోతుంది. చామనఛాయ ఒంటి మీద ఆ తెల్ల మచ్చ నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉంటుంది. చుట్టూ నల్లటి వలయం కూడా కట్టవచ్చు. కొబ్బరి నీళ్ళకోసం పీచంతా నరికినట్టు, లోపలిదాన్ని అందుకోవడానికి పైదాన్ని బలిపెట్టాలి.

ఈ ముడిని విప్పిన ఉపాయం చూడముచ్చటైనది. చలిని పైనుంచి కాక లోపలి నుంచి పంపితే? 2001లో చండీగఢ్ పీజీఐ వైద్యులు సోమేశ్ గుప్తా, భూషణ్ కుమార్ అదే చేసి చూపించారు. ప్రత్యేక యంత్రమేదీ తెప్పించలేదు. వెన్నులో నీరు తీయడానికి వాడే పొడవాటి సూది, మామూలు ఇంజక్షన్ సూది చాలన్నారు. రెండేళ్ళకు ఇజ్రాయెల్ ప్లాస్టిక్ సర్జన్ యారోన్ హర్‌షాయ్ ఈ పనికే మలిచిన సూదితో, ఒక్క విడతలో మచ్చ పరిమాణం సగటున సగానికి తగ్గిందని రాశాడు. పద్ధతి ఇది. మచ్చకు మత్తుమందు ఎక్కించి, సూదిని ఒక చివర పొడిచి, చర్మానికి సమాంతరంగా, మచ్చ పొడవునా నడిపి రెండో చివర మొన బయటికి తెస్తారు. సూది మడమను క్రయో గన్ ముక్కుకు తగిలిస్తారు. నైట్రోజన్ ఒకవైపు చేరి, లోపలంతా పారి, రెండోవైపు మంచి చర్మానికి తగలకుండా బయటికి చిమ్ముతుంది. సూది చుట్టూ మంచు తొడుగు కట్టి, చెరకుగడ లావెక్కినట్టు లోపలి నుంచి వెలుపలికి పెరుగుతుంది. అతి చలి నేతగాళ్ళ నడిబొడ్డున, తక్కువ చలి రంగు కణాల దగ్గర. పైన తెలుపు తేలగానే ఆపేస్తారు. ఉష్ణోగ్రతల మెట్లు తలకిందులయ్యాయి, రంగు చాలావరకు మిగిలింది. కొత్త మందు పుట్టలేదు, పనిముట్టు పెద్దగా మారలేదు. చలి వచ్చే దిక్కు మారింది, అంతే.

ఇక వెలుగు. 1960 మే 16న థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజర్‌ను వెలిగించాడు. మామూలు దీపం రంగులన్నీ కలిపి అన్ని వైపులా చిందిస్తుంది. లేజర్ ఒకే రంగును ఒకే దారిలో, అడుగులు కలిపి నడిపిస్తుంది. చర్మ వైద్యానికి పనికొచ్చే గుణం ఆ ఒక్క రంగే. ఎర్రని వస్తువు ఎర్రగా కనిపించేది ఎరుపును వదిలి మిగతా రంగుల్ని మింగడంవల్ల. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆశగా మింగే వెలుగుల్లో పసుపు ఒకటి. అందుకని పసుపు వెలుగు పంపితే చర్మం గుండా దూరిపోయి రక్తనాళంలో వేడిగా మారుతుంది. నాళం ఉడికి మూసుకుపోతుంది, పక్కనున్న కణజాలం అలాగే ఉంటుంది.

అలాగే ఉండాలంటే ఇంకో షరతుంది. వేడి నాళంలోంచి పక్కకు పాకేలోగా వెలుగు ఆగిపోవాలి. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఈ లెక్క తేల్చారు. ఎంత సన్న నాళమైతే అంత త్వరగా చల్లారుతుంది. మిల్లీమీటరులో పదోవంతు లావున్న నాళానికి ఆ గడువు కొన్ని మిల్లీసెకన్లు. కాబట్టి వెలుగు మెరుపు అంతకంటే పొట్టిగా ఉండాలి. ఈ కొలతకు కట్టిన యంత్రమే పల్స్‌డ్ డై లేజర్. ఇందులో రోడమిన్ జాతి రంగు కలిపిన ద్రవం మీద ఫ్లాష్ దీపం వెలిగిస్తే 585 లేదా 595 నానోమీటర్ల పసుపు వెలుగు, మిల్లీసెకనులో సగం నుంచి ఒకటిన్నర దాకా మాత్రమే పుడుతుంది. రోగికి రబ్బరు బ్యాండు లాగి కొట్టినట్టుంటుంది. కీలాయిడ్‌లో ఇది నేరుగా నేతగాళ్ళ మీద పడదు, వాళ్ళకు సరుకు మోసే నాళాల్ని మూస్తుంది.

వెలుగుకూ మెలనిన్ అడ్డమే. పసుపును అది కూడా మింగుతుంది. నల్లటి ఒంట్లో వెలుగు రక్తాన్ని చేరకముందే పైపొరలో వేడిగా మారి బొబ్బలు, మచ్చలు రేపగలదు. దీనికి యంత్రం చేసిన వాళ్ళు కనిపెట్టిన విరుగుడు మళ్ళీ చలే! వెలుగు వదలడానికి సెకనులో వందోవంతుల ముందు, చేతిపిడి చివరనున్న చిన్న ముక్కు చర్మం మీద చల్లటి ద్రవాన్ని తుంపర కొడుతుంది. ఆ తుంపర పైపొరను మాత్రం చల్లబరుస్తుంది, నాళాల దాకా దిగేంత వ్యవధి దానికి ఇవ్వరు. వెంటనే మెరుపు. పైన చలి, కింద వేడి, మధ్య కాగితం మందమంత చర్మం. ఏది మేలని మనం పోటీ పెట్టిన రెండూ యంత్రంలో ఒకదానికొకటి కాపలా కాస్తున్నాయి.

దీని బలం తేల్చిన పరీక్ష కూడా చక్కటి పనితనమే. 1995లో ఆల్‌స్టర్, విలియమ్స్ అనే ఇద్దరు, గుండె ఆపరేషన్ తర్వాత రొమ్ము మధ్య నిలువుగా కీలాయిడ్ వచ్చిన 16 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరి మచ్చలో సగానికే లేజర్ వేసి మిగతా సగాన్ని వదిలేశారు. మనిషి ఒకడే, ఒళ్ళు ఒకటే, కోత ఒకటే, కాబట్టి తేడా వస్తే అది లేజర్‌దే. వెలుగు పడ్డ సగంలో ఎరుపు, ఎత్తు, దురద తగ్గాయి. తర్వాత జరిగిన పరీక్షలన్నీ అంత అనుకూలంగా రాలేదు. పసుపు వెలుగు మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ లోతే దిగుతుంది, కీలాయిడ్ అంతకు ఎన్నో రెట్లు మందం ఉండొచ్చు. అందుకే లోతు దిగే, మెలనిన్‌కు అంతగా చిక్కని 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను నల్ల ఒళ్ళకు ఎంచుకునే డాక్టర్లున్నారు.

రెండో తరహా లేజర్ రంగును కాదు, నీటిని వెతుకుతుంది. 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను తయారుచేసిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. దాని వెలుగు 10,600 నానోమీటర్లు, కంటికి కనిపించదు. నీరున్న కణం దాన్ని తాకగానే ఆవిరవుతుంది. దీంతో కీలాయిడ్‌ను మొత్తం చెక్కేసి ఊరుకుంటే కత్తితో కోసినట్టే తిరిగొస్తుంది. ఈ శతాబ్దంలో వచ్చిన ఉపాయం దాన్ని జల్లెడగా మార్చింది. వెలుగును వెంట్రుకంత సన్న పాయలుగా విడగొట్టి, మచ్చలో వరసగా సన్నటి బావులు తవ్వుతారు. నూటికి ఐదు పది వంతుల చర్మమే పోతుంది. బావుల మధ్య మిగిలిన మంచి చర్మం గట్లలా నిలిచి గాయాన్ని త్వరగా పూడుస్తుంది. ఆ బావుల్లోకి వెంటనే స్టెరాయిడ్ మందు పోస్తే, పైపూతగా ఎన్నడూ దిగని మందు లోపలికి ఇంకుతుంది. ముదిరిన కీలాయిడ్‌లో ఇంజక్షన్ సూదికి మందు ఎక్కక డాక్టరు బొటనవేలు నొప్పిపుట్టే సందర్భాల్లో ఇది మంచి దారి.

ఇప్పుడు త్రాసు ఎత్తుదాం. మొదటి రాయి మచ్చ ఆకారం. చెవి తమ్మె వెనక గుండ్రటి ముద్దకు మంచు సూది సరిగ్గా సరిపోతుంది. అందులో పొడవు, మందం ఉన్నాయి, సూది నడవడానికి చోటుంది. రొమ్ము మీద పలచగా, వెడల్పుగా, ఎర్రగా పాకిన మచ్చలో సూది నడిపే మందం ఉండదు. అక్కడ వెలుగుకు పని. రెండో రాయి వయసు. కొత్త మచ్చలో నాళాలు ఎక్కువ కాబట్టి పసుపు వెలుగుకు గురి దొరుకుతుంది. ఏళ్ళు ముదిరి పాలిపోయిన ముద్దలో వెలుగు మింగే రక్తమే తక్కువ. మూడోది రంగు. పై నుంచి చలి చిమ్మితే తెల్ల మచ్చ భయం ఎక్కువ, లేజర్‌తో నల్ల మచ్చ భయం ఎక్కువ. మంచు సూదితో రెండూ కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు.

నాలుగో రాయి యానాంలో బరువైంది. చలి పెట్టిన మర్నాటికల్లా బొబ్బ లేస్తుంది, నీరు కారుతుంది, నల్లటి పక్కు కట్టి రాలడానికి వారాలు పడుతుంది. ఉప్పునీళ్ళలో దిగి, ఎండలో వల ఎత్తే మనిషికి అవి పని లేని రోజులు. పసుపు లేజర్ తర్వాత పుండు ఉండదు గాని విడతలు ఎక్కువ, నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి వెళ్ళాలి. ఎండ తగలకుండా కాచుకోవాలి. చలి పనిముట్టు చవక, సరుకు మాత్రం నిలవుండదు. లేజర్ యంత్రం ఖరీదు, కానీ స్విచ్ వేస్తే వెలుగు వస్తుంది. పాలనలో పుదుచ్చేరిదైన ఈ ఊరికి రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉంది. అంత దూరాన ఉన్న జిప్మర్ ఆసుపత్రి 2024 ఫిబ్రవరి 25న 90 పడకల మల్టీ స్పెషాలిటీ కన్సల్టింగ్ యూనిట్‌తో యానాంకే వచ్చింది. కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల గంట దూరం. ఏడాది పాటు విడతలు నడిచే వైద్యంలో బస్సు చార్జీ కూడా మందులో భాగమే.

త్రాసు ఒకవైపే మొగ్గడం అరుదు. మందపు ముద్దను ముందు మంచుతో కుంగదీసి, మెత్తబడ్డాక స్టెరాయిడ్ ఎక్కించి, మిగిలిన ఎరుపును వెలుగుతో మాన్పే డాక్టర్లున్నారు. చలి పెట్టిన కాసేపటికి మచ్చ ఉబ్బి వదులవుతుంది కాబట్టి సూదిమందు అప్పుడు సులువుగా ఎక్కుతుందని వాళ్ళకు అనుభవం. ఏ దారిలో వెళ్ళినా పనితనమంతా ఒకే చోట తేలుతుంది. తెలుపు గీత దాటకముందే మీట వదిలే వేలు, వేడి పక్కకు పాకకముందే ఆరిపోయే మెరుపు, బావికీ బావికీ మధ్య వదిలిన గట్టు, అన్నీ ఆగిన చోట్లే.

ఆగిందో లేదో తెలిసేది మాత్రం ఆరోజు కాదు. మొదటి రోజున కొందరు డాక్టర్లు ఒక పారదర్శక కాగితం మచ్చ మీద పరిచి దాని అంచును పెన్నుతో దించుకుంటారు. తేదీ వేసి ఫైలులో పెడతారు. కీలాయిడ్ తిరిగి రావడానికి ఏడాదీ రెండేళ్ళూ తీసుకోగలదు కాబట్టి, వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి మళ్ళీ అక్కడే పరుస్తారు. ఎత్తు తగ్గిందా, దురద పోయిందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. ముందు చూసేది పాత గీత మీద కొత్త అంచు కూర్చుందా, లోపలికి జరిగిందా, లేక ఎక్కడైనా ఒక డెక్క గీత దాటి బయటికి వచ్చిందా అన్నదే. వచ్చి ఉంటే, ఆ ఒక్క డెక్క దగ్గరే మళ్ళీ పని మొదలవుతుంది.